శ్రీశైలం ఘాట్‌కి చిన్న కారు: బయల్దేరే ముందు

మార్చిలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే చిన్న కారులో ముందు చూడాల్సింది బ్రేకులే. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయండి. బ్రేక్ ఆయిల్ పోసి రెండేళ్లు దాటితే అదీ మార్చాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దిగుడులో బ్రేకులు బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే నిటారు దిగుడులో రెండో గేరు వదలకండి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపారో, పెడల్ తేలిగ్గా తొక్కడానికి సాయపడే బ్రేక్ బూస్టర్ పనిచేయదు, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఈ పని మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం కూలెంట్. దాన్ని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూసి, డబ్బా మీది రెండు గీతల మధ్య ఉంచండి. టైర్లలో గాలి డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఫుల్ లోడుకు రాసినంత. స్టెప్నీకీ కొట్టించండి. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, తెల్లవారుజామున బయల్దేరితే మేలు.