మొబైల్ ఫోన్‌ను మోసగాళ్ల చేతికి చిక్కకుండా ఎలా కాపాడుకోవాలి?

ఫోన్ హ్యాక్ అయిందనగానే ఎక్కడో ఒక మేధావి కూర్చుని కోడ్ రాసి లోపలికి దూరాడనుకుంటాం. 2016లో బయటపడిన పెగాసస్ లాంటి గూఢచారి సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజమే. మామూలు వాళ్లకి మాత్రం ఎక్కువగా మనమే నొక్కిన ‘అనుమతించు’ బటన్ వల్లే ముప్పు వస్తుంది. అందుకే పని అక్కడే మొదలుపెట్టండి.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ముందుగా సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరవండి. చూపు లేనివారికి తెర మీద ఉన్నది చదివి వినిపించడానికి, చేతులు సహకరించనివారి బదులు బటన్లు నొక్కడానికి పెట్టిన సదుపాయమిది. బ్యాంకు ఖాతాలు ఊడ్చే దొంగ యాప్‌లకు కావలసిందీ ఇదే. ఇది దొరికితే అవి ఓటీపీ చదువుతాయి, డబ్బు పంపే బటన్ కూడా అవే నొక్కేస్తాయి. అక్కడ ఏ టార్చ్‌లైట్ యాప్‌కో, పీడీఎఫ్ రీడర్‌కో ఈ అనుమతి ఆన్‌లో కనిపిస్తే ఇక ఆలోచించొద్దు. ఆఫ్ చేసి, యాప్ తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ కాకుండా మొండికేస్తే, డివైస్ అడ్మిన్ యాప్స్ జాబితాలో దాని టిక్ తీసేసి, మళ్లీ ప్రయత్నించండి. కొన్ని దొంగ యాప్‌లు, మనం సెట్టింగ్స్ తెరవగానే వాటిని మూసేస్తుంటాయి. అప్పుడు ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని స్థితిలో, ఆన్ చేస్తే వాటి ఆటలు సాగవు.

తర్వాత సెట్టింగ్స్‌లోనే ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ చూడండి. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్‌లు వేసే అనుమతి ఇది. బ్రౌజర్, వాట్సాప్, ఫైల్ మేనేజర్, అన్నిటికీ ఆఫ్ చేయండి. పెళ్లి పిలుపు పేరుతోనో, బిల్లు పేరుతోనో ఏపీకే ఫైల్ (నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వచ్చిందంటే అది మోసమే అనుకోండి. పిలుపు చూడటానికి యాప్ ఎందుకు?

అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2015లో ఆండ్రాయిడ్‌లో బయటపడ్డ స్టేజ్‌ఫ్రైట్ అనే లోపంతో, మనం ఏమీ తెరవకపోయినా ఒక్క ఎంఎంఎస్‌తో ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. అలాంటి లోపాలను పూడ్చేది అప్‌డేట్లతో వచ్చే సెక్యూరిటీ ప్యాచే. మీ ఫోన్‌కు ప్యాచ్‌లు రావడం ఆగిపోతే, బ్యాంకు యాప్‌లను అందులో ఉంచకండి.

చాలామంది పట్టించుకోనిది సిమ్ పిన్, అంటే సిమ్ కార్డుకే పెట్టే రహస్య సంఖ్య. దొంగ మీ ఫోన్ లాక్ తీయలేకపోయినా, సిమ్ ఊడదీసి తన ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి. పిన్ పెడితే ఆ దారి మూసుకుంటుంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాకై, దాన్ని తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది కాబట్టి పిన్ ఊహించి కొట్టకండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా కూడా పెట్టుకోండి. అయితే మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకునేవాణ్ని సిమ్ పిన్ ఆపలేదు. దానికి విరుగుడుగా, ముఖ్యంగా ఈమెయిల్‌కి, ఎస్సెమ్మెస్ బదులు ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లను ఫోన్‌లోనే తయారుచేసే యాప్) వాడండి. కారణం లేకుండా సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే, వేరే ఫోన్ నుంచి వెంటనే నెట్‌వర్క్ కంపెనీకి ఫోన్ చేయండి.

పబ్లిక్ వైఫై అంటే ఉన్న టెన్షన్ నా దృష్టిలో కాస్త ఎక్కువే. ఇప్పుడు చాలావరకు ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోనే, వెళ్తుంది. ఈ సైట్ సురక్షితం కాదంటూ బ్రౌజర్‌లో సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే మాత్రం ముందుకెళ్లకండి.

ఫోన్‌లో ఏదో దూరిందని అనుమానం వస్తే, మొదట ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై కూడా ఆఫ్ అయిందో లేదో చూడండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, పాస్‌వర్డ్‌లు మార్చండి. ఈమెయిల్‌తోనే మొదలుపెట్టండి, మిగతా ఖాతాల రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. రీసెట్ అయ్యాక ఫొటోలు, కాంటాక్టులు వెనక్కి తెచ్చుకోండి. యాప్‌లను మాత్రం స్టోర్ నుంచి కొత్తగా వేసుకోండి.