కార్తీక వనభోజనాలకు వచ్చినవారితో గోగునార పని: పొలం ఉన్నవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కార్తీకమాసం ఆదివారాలు తోటలన్నీ జనంతో నిండిపోతాయి. ఉసిరిచెట్టుకు పూజ, విస్తళ్ళలో భోజనం, సాయంత్రానికి తిరుగుప్రయాణం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన గరువుల్లో (మెట్ట చేలల్లో) కోసిన గోగు నీళ్ళలో ఊరుతూ ఉంటుంది, వరి కంకి పండుతూ ఉంటుంది. వచ్చిన కుటుంబాలకు ఆ పని చూపించి, వాళ్ళ చేత చేయించి, పిల్లవాడు తన చేత్తో పేనిన తాడు ఇంటికి పట్టుకెళ్ళేలా చేయడం కష్టమేమీ కాదు. కాకపోతే ఒక నియమం ఉంది. ముందు తేదీ వేసుకుని ఆ రోజుకు పని సృష్టించకూడదు. పంట ఎప్పుడు తయారవుతుందో లెక్కగట్టి ఆ రోజుకు జనాన్ని పిలవాలి. ఊరని గోగును పిల్లల చేతికిస్తే పది నిమిషాల్లో విసుగెత్తి వదిలేస్తారు. సరిగ్గా ఊరిన కాడ ఇస్తే భోజనానికి పిలిచినా రారు.

తేదీ లెక్క

గోగును సగం మొక్కలు పూతకు వచ్చినప్పుడు కోయాలి. అంతకు ముందు కోస్తే నార తక్కువ, పలచన. గింజ ముదిరాక కోస్తే నార ముతకబడి ఊరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మే, జూన్ వానలకు చల్లిన చేను సాధారణంగా అక్టోబరుకు ఈ దశకు వస్తుంది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఏఎంవీ రకాలు వేసినవారైనా నాటు రకం వేసినవారైనా రోజులు లెక్కపెట్టుకోవడం కన్నా పూత చూసుకోవడమే మేలు.

కోసిన దగ్గర్నుంచి నార చేతికొచ్చేదాకా లెక్క ఇది. కట్టలు కట్టి చేలోనే నిలబెట్టి ఆకు రాలడానికి మూడు నాలుగు రోజులు. మొదళ్ళు మాత్రమే మునిగేలా రెండడుగుల లోపు నీళ్ళలో నిలువుగా రెండు మూడు రోజులు. ఆ తర్వాత పడుకోబెట్టి ముంచితే పన్నెండు నుంచి పద్దెనిమిది రోజులు. అంటే మొత్తం మీద మూడు వారాలు, అటూ ఇటూ. నీళ్ళు వెచ్చగా ఉంటే త్వరగా, రాత్రి చలి ముదిరితే ఆలస్యంగా ఊరుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందున దీపావళి నవంబరు 8న పడింది, కార్తీకం డిసెంబరులోకి జరిగింది. అలాంటి ఏడాది ఇంకో వారం కలుపుకోవాలి.

ఇంత లెక్క వేసినా ఒకే రోజు కోసిన సరుకును నమ్ముకోవద్దు. వారం వారం ఎడంతో మూడు దఫాలుగా కోసి మూడు చోట్ల ముంచండి. పిలిచిన ఆదివారానికి వాటిలో ఒకటి సరిగ్గా తయారై ఉంటుంది. ముందే అయిన దఫా నారను తీసి ఆరబెట్టుకుంటే తాడు పేనడానికి అదే పనికొస్తుంది.

అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. అందుకని పిలుపులోనే మారు తేదీ ఒకటి చెప్పి ఉంచండి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక గెడ్డ (వాగు) దాటి రావలసిన పొలానికి ఎవరినీ రానివ్వకూడదు.

ఊరబెట్టడం

పిల్లలు చూడని పనే అయినా నార బాగోగులు తేలేది ఇక్కడే. మెల్లగా కదిలే మంచినీరు అన్నిటికన్నా మంచిది. నిలవనీరైతే పెద్ద బందలో, అంటే చిన్న చెరువులో, ఒక మూల చాలు, చిన్న గుంటలో కుక్కేయకూడదు. చేపలు పెంచే చెరువు అసలే వద్దు. ఊరేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు తేలిపోతాయి.

జానెడు మందం కట్టలే కట్టండి. అంతకు మించితే పైకాడలు కుళ్ళిపోయినా నడిమి కాడలు ఊరవు. మొదళ్ళను ముందు విడిగా నానబెట్టడం ఎందుకంటే, మొదలు దగ్గర బెరడు మందం. అది మానేస్తే చివర నార చీకిపోయే వేళకు కూడా మొదట్లో బెరడు అంటుకునే ఉంటుంది. పడుకోబెట్టిన కట్టల మీద జానెడు నీరు నిలవాలి, అడుగు బురదకు తగలకూడదు. బరువుకు రాళ్ళు పెట్టండి. మట్టిపెళ్ళలు, అరటిబోదెలు, పచ్చి దుంగలు పెడితే నార నల్లబడుతుంది. అందరూ చేసే పొరపాటు ఇదే, మిల్లుకు వేసే నారకు ధర పడిపోయేదీ దీనివల్లే.

పదో రోజు నుంచి రోజూ చూడాలి. వేరువేరు కట్టల నడిమి నుంచి రెండేసి కాడలు లాగి, మొదలు దగ్గర బొటనవేలితో నొక్కి, మూరెడు నార ఒలిచి చూడండి. లోపలి పుల్ల తెల్లగా, శుభ్రంగా బయటపడితే తయారైనట్టే. నార మీద బెరడు చుక్కలు మిగిలితే ఇంకో రోజు ఆగండి. లాగితే పుటుక్కుమని తెగుతుంటే ఆలస్యమైపోయింది, ఆ దఫా పేనడానికి పనికిరాదు. ఆదివారానికి ఒక రోజు ముందే తయారైతే కట్టలు బయటకు తీసి, నీడలో తడి గోనెలు కప్పి ఉంచవచ్చు. ఒక్క రోజే. లోపల ఊరడం ఆగదు.

పిల్లల చేత నార తీయించడం

పిల్లల్ని బందలోకి దించవద్దు. అడుగు జారుడు, జలగలు ఉంటాయి, ఆ నీరు కంపు కొడుతుంది. గట్టు మీద వెడల్పాటి ప్లాస్టిక్ తొట్లు పెట్టి మోకాలి లోతున మంచినీళ్ళు పోసి, ఊరిన కాడలు అక్కడికే తెచ్చివ్వండి. తొట్టికి నలుగురు పిల్లలు, ఒక పెద్ద. ఐదేళ్ళ లోపు పిల్లలు తొట్టి దగ్గర ఉంటే పక్కనే అమ్మో నాన్నో కదలకుండా కూర్చోవాలి. నీరు మురికైన కొద్దీ మార్చాలి, పూటకు రెండుసార్లైనా.

ఒక్కొక్కరికి పది కాడలు చాలు. ఇరవై మంది పిల్లలకు రెండొందల కాడలు, విరగ్గొట్టుకునేవారికి ఇంకో యాభై.

పద్ధతి చేసి చూపించండి, చెబితే అర్థం కాదు. కాడను మొదలు నుంచి మూరెడు దూరంలో విరవాలి. పుల్ల విరిగినా నార తెగదు. విరిగిన చిన్న ముక్కను లాగేస్తే పిడికెడు నార చేతిలో మిగులుతుంది. దాన్ని వేళ్ళకు చుట్టుకుని, మిగతా కాడను నీటిలో ముందుకూ వెనక్కూ జాడిస్తే పుల్ల తనంతట తనే జారి బయటకొచ్చేస్తుంది. పుల్ల తెల్లగా జారినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! చిన్నపిల్లలకు ఇది కష్టమైతే మొదలు దగ్గర ఒలిచి మెల్లగా పొడుగునా లాగమనండి. ఎవరు తీసినా మొదళ్ళన్నీ ఒకవైపే ఉండాలి. చిక్కుపడిన నారను విప్పే ఓపిక ఎవరికీ ఉండదు, అది పీచుకే పనికొస్తుంది.

తీసిన నారను మంచినీటిలో రెండుసార్లు జాడించి, మెలిపెట్టకుండా పిండి, వెదురు దండెం మీద ఆరేయాలి. నేలమీద పరిస్తే ఇసుకా మట్టీ పడతాయి. లేత ఎండలో రెండు మూడు రోజులకు ఆరుతుంది.

కొందరికి గోగు కాడ మీది నూగుకు చేతులు దురద పెడతాయి. ముందే కొబ్బరినూనె రాసుకోమనండి. పని అయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోనిదే భోజనాల దగ్గరికి ఎవరినీ రానివ్వకండి.

తాడు పేనడం

ఆ రోజు తీసిన తడి నారతో తాడు పేనించవద్దు. ఆరిన కొద్దీ సన్నబడి పురి వదులైపోతుంది. మొదటి దఫాలో తీసి ఆరబెట్టిన నార దీనికి వాడాలి. చిటికెన వేలంత మందాన మూరన్నర తాడుకు ముప్పై గ్రాములు ఇస్తే సరిపోతుంది, కొత్తవారి చేతుల్లో పాడయ్యేదానితో కలిపి యాభై ఇవ్వండి. ఇరవై మందికి కిలో. పచ్చికాడ బరువులో నార నూటికి ఐదు పాళ్ళ ప్రాంతంలోనే వస్తుంది కాబట్టి, ఆ కిలోకు ఇరవై కిలోల పైన పచ్చికాడ ముందే కోసి ఊరబెట్టుకోవాలి.

పేనే ముందు నార మీద నీళ్ళు చిలకరించి పావుగంట గోనెలో చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. పొడి నార చేతులు కోస్తుంది, పురి నిలవదు.

మంచం కోడుకో పాతిన గుంజకో నారను తగిలించాలి, సగానికి సగం కాకుండా ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా. ఇలా చేస్తే రెండు పేటల్లో (పాయల్లో) అతుకులు ఒకేచోట పడవు. ఇక ఒక్కటే సూత్రం: పేటలు రెంటికీ విడివిడిగా కుడివైపు పురి ఎక్కించాలి, ఆ రెండు పేటలనూ ఒకదాని మీద ఒకటి ఎడమవైపు వేసుకుంటూ పోవాలి. పేట విప్పుకోబోతే తాడు బిగుస్తుంది, తాడు విప్పుకోబోతే పేట బిగుస్తుంది. రెండూ ఒకేవైపు తిప్పితే చెయ్యి వదలగానే మొత్తం విడిపోతుంది. పిల్లలు మొదట అలాగే చేస్తారు, చెయ్యనివ్వండి. వదిలి చూశాక మళ్ళీ మరిచిపోరు.

పేట సగానికి సన్నబడగానే పది పన్నెండు పోగులు జానెడు మేర కలిపి పురిలోకి ఎక్కించాలి. మరీ సన్నబడేదాకా ఆగి ఒకేసారి లావు పాయ కలిపితే అక్కడ గడ్డ కడుతుంది, బరువు పడితే ఆ గడ్డ పక్కనే తెగుతుంది. ఒక పేట తిన్నగా ఉండి రెండోది దానిచుట్టూ పాకుతుంటే రెండింటి బిగువు సమానంగా లేదని. తాడు ముడతలు పడి తనలో తనే చుట్టుకుంటుంటే పురి ఎక్కువైంది. పొడుగు లెక్క కూడా చెప్పండి, పేనేసరికి నాలుగో వంతు తగ్గుతుంది.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లల చేత మూడు పాయల జడ అల్లించండి. అమ్మ తల దువ్వేటప్పుడు రోజూ చూసేదే కాబట్టి వెంటనే పట్టుకుంటారు.

పెద్దలు ఊరికే కూర్చోకుండా ఉట్టి కట్టమనండి. మీటరున్నర సన్నతాళ్ళు ఎనిమిది తీసుకుని అడుగున ఒకే ముడి వేయాలి. అక్కడి నుంచి బెత్తెడు పైన రెండేసి తాళ్ళు కలిపి నాలుగు ముళ్ళు. ఇంకో బెత్తెడు పైన, ఈసారి ఒక జంటలోది ఒకటి, పక్క జంటలోది ఒకటి కలిపి మళ్ళీ నాలుగు. కుండ పెట్టి చూసుకుని ముళ్ళన్నీ ఒక ఎత్తులో సర్ది, పైన ఎనిమిదీ కలిపి కట్టేయాలి. ముళ్ళ ఎత్తు తేడా వస్తే కుండ ఒరిగిపోతుంది, ఇంకే చిక్కూ లేదు.

మిగతా పనులు

వరి తొందరగా కోతకొచ్చిన చేను ఉంటే కంకుల కుచ్చు కట్టించవచ్చు. కంకులు పొద్దున మంచు తడి మీదే కోయాలి. ఎండెక్కాక కోస్తే అల్లేటప్పుడు గింజలు రాలిపోతాయి. మూరెడు గడ్డితో కోసి, నాలుగేసి కంకులు చేర్చుకుంటూ జడలా అల్లి వలయంగా వంచి కట్టి, నీడలో ఆరనివ్వాలి. వసారాలో వేలాడదీస్తే పిచ్చుకలు వస్తాయి. కొడవలి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

తాటి టెంకలు ఏరి ఉంటే పిల్లల చేత పాతర వేయించండి. ఇసుక కలిసిన వదులు నేలలో టెంకలు దగ్గర దగ్గరగా పరిచి మట్టి కప్పి, తడి ఆరకుండా చూస్తే మూడు నాలుగు నెలలకు తేగలు. తవ్వుకోవడానికి సంక్రాంతి తర్వాత మళ్ళీ రమ్మనవచ్చు.

చేతిపనివారిని బయటి నుంచి పిలవాలంటే ఆలోచించి పిలవండి. పొందూరు నూలు వడికేవారి పని పొలంలో చక్కగా కుదురుతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూస్తే పెద్దలు కూడా నోరు తెరుస్తారు. కానీ గాలికి పత్తి నిలవదు, చెట్టుకింద కాకుండా గోడలున్న గదిలో కూర్చోబెట్టాలి. బుడితి ఇత్తడి పనికి కొలిమి కావాలి, బొబ్బిలి వీణకు పనసచెక్క తొలవడం రోజుల తరబడి సాగే పని. వాటిని వాళ్ళ ఊళ్ళకే వెళ్ళి చూడడం మర్యాద. ఎవరిని పిలిచినా దారిఖర్చు, ఆ రోజు కూలి ముందే మాట్లాడుకుని పొద్దున్నే చేతికివ్వాలి. అమ్ముకునే సరుకు తెచ్చుకోమని కూడా చెప్పండి.

భోజనంలోకి చోడంబలి (రాగి అంబలి), గోంగూర పప్పు ఉంటే చాలు, మిగతాది ఎవరి కేరేజీలు వాళ్ళవి. గాడిపొయ్యి గోగు పుల్లల కుప్పకు గాలివాటున కాకుండా కనీసం ముప్పై అడుగుల దూరంలో తవ్వండి. ఎండిన పుల్ల క్షణంలో అంటుకుంటుంది. బళ్ళు కళ్ళంలోనో రోడ్డు పక్కనో ఆపించండి, గట్ల మీదికి ఎక్కిస్తే మర్నాడు గట్టు మనమే వేసుకోవాలి. పశువుల సాల వైపు ఒక తాడు అడ్డం కట్టి మనిషిని పెట్టండి.

వెళ్ళేటప్పుడు పిల్లలు ఆ రోజు తీసిన తడి నార కూడా అడుగుతారు. ఇవ్వండి, కానీ ప్లాస్టిక్ సంచిలో వద్దు. తెల్లారేసరికి బూజు పట్టి కంపు కొడుతుంది. గుడ్డలో చుట్టి ఇచ్చి, ఇంటికి వెళ్ళగానే దండెం మీద ఆరేయమని తల్లులకు చెప్పండి.