ఆర్లిస్టాట్ మాత్ర: ఏ పూట వేసుకోవాలి, ఏ పూట మానాలి

డాక్టరు చీటీ లేకుండా కొనే, బరువు తగ్గించే మాత్రల్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉన్నది ఆర్లిస్టాట్ 60 మి.గ్రా. ఒక్కటే, అదీ 2007 నుంచి. 120 మి.గ్రా.కు అక్కడా డాక్టరు చీటీ కావాల్సిందే. మన దగ్గర ఏది కొన్నా ముందు డాక్టరుని అడగండి.

ఇది ఆకలిని చంపదు, ఒంట్లో ఉన్న కొవ్వును కరిగించదు. పేగుల్లో కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. తిన్న కొవ్వులో సుమారు నాలుగో వంతు ఒంటికి పట్టకుండా మలంలో పోతుంది. అన్నం, చక్కెరల మీద దీని ప్రభావం ఉండదు. అందుకే నూనె లేని ఇడ్లీ తిన్న పూట మాత్ర దండగ, మానేయండి.

భోజనం చేస్తూగానీ, అయిన గంటలోపుగానీ ఒకటి వేసుకోవాలి. రోజుకు మూడు దాటకూడదు. పూటకు కొవ్వు 15 గ్రాముల లోపే ఉండాలి, చాలామంది తప్పేది ఇక్కడే. 5 మి.లీ. చెంచా నూనెలో 4.5 గ్రాముల కొవ్వు ఉంటుంది. కూరలో చెంచాడు, పోపులో అర చెంచా, ముద్దపప్పులో చెంచా నెయ్యి, ఆవకాయ మీద తేలే నూనె ఇంకో చెంచా: అప్పుడే లెక్క దాటింది. అరగని ఆ నూనే గ్యాసుగా, ఆపుకోలేని విరేచనంగా, లోదుస్తులకు జిడ్డు మరకగా బయటపడుతుంది. మాత్ర మొదలుపెట్టేది ఇంటిపట్టున ఉండే రోజైతే మేలు.

కొవ్వుతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి కాబట్టి రాత్రి పడుకునేముందు మల్టీవిటమిన్ వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం తప్పనిసరి. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దీన్ని మధ్యాహ్నానికి, రాత్రికి పెట్టుకోవడం సులువు. రక్తం పలచబడే మందులు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ రాళ్లున్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. గర్భిణులు, పైత్యరసం సరిగా పారనివాళ్లు అసలే వాడకూడదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

ఫలితం పెద్దదేం కాదు. తిండి తగ్గించి 2 కిలోలు తగ్గే మనిషి దీనివల్ల మరో కిలో దాకా తగ్గొచ్చు. 12 వారాల్లో మొదటి బరువులో 5 శాతం, అంటే 80 కిలోల మనిషి 4 కిలోలు, తగ్గకపోతే కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరుతో తేల్చుకోండి.

"మూలికలే" అని అమ్మే క్యాప్సూళ్లతోనే అసలు భయం. గుండెపోటు, పక్షవాతం ముప్పుతో 2010లో అమెరికా మార్కెట్ నుంచి తీసేసిన ఆకలి చంపే మందు సిబుట్రమైన్‌ను అలాంటివాటిలో రహస్యంగా కలుపుతున్నట్టు ఎఫ్‌డీఏ పరీక్షల్లో పదేపదే బయటపడింది. మూలికల మాత్ర వేసుకున్నాక ఆకలి ఒక్కసారిగా చచ్చిపోయి, గుండె దడ, నోరెండటం, నిద్రలేమి మొదలైతే దాన్నే అనుమానించాలి. మాత్ర ఆపి బీపీ చూపించుకోండి. ఖాళీ డబ్బా పారేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.