సర్వే అంకెలతో ఒక పథకాన్ని అంచనా వేయడం ఎలా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు విడుదలైన ప్రతిసారీ ఒకే పొరపాటు నా కంటపడుతుంది. ఫ్యాక్ట్ షీట్‌లో పక్కపక్కనే ఉన్న రెండు రౌండ్ల అంకెలను తీసుకుని, ఒకదానిలోంచి మరొకటి తీసివేసి, మిగిలినదాన్ని ఏదో ఒక పథకం ఖాతాలో వేసేస్తారు. తెలంగాణలో జరిగిన ప్రసవాలలో ప్రభుత్వాసుపత్రుల వాటా నాలుగో సర్వేలో (2015–16) 30.5 శాతం, ఐదో సర్వేలో (2019–21) 49.7 శాతం. మధ్యలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లికి మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు విడతలవారీగా ఇచ్చిన పథకమది. కాబట్టి పెరిగిన 19 శాతం పాయింట్లూ కిట్ వల్లనేనని రాసేస్తారు. కిట్ వల్ల ఏమీ జరగలేదని నేను అనడం లేదు. ఆ ఒక్క తీసివేతతో ఆ మాట చెప్పడం కుదరదని మాత్రమే అంటున్నాను. లోపాలు లేని సర్వే ఉండదు. అయినా పనిని సరైన వరుసలో చేస్తే అదే డేటా నుంచి నిలబడే మాట ఒకటి చెప్పవచ్చు. ఈ ఉదాహరణనే పట్టుకుని ఆ వరుసను వివరిస్తాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. ఎవరి గురించి, ఎక్కడ, ఏ కాలంలో, దేనితో పోల్చి అడుగుతున్నారో ఆ వాక్యంలో ఉండాలి. కాగితం మీదే రాయాలి, ఎందుకంటే కంప్యూటర్‌లో ఉన్న వాక్యాన్ని లెక్క వచ్చాక దానికి తగ్గట్టు దిద్దుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. తర్వాత నివేదిక, యూనిట్ స్థాయి డేటా (ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి జవాబులు విడివిడిగా ఉన్న ఫైలు), ప్రశ్నాపత్రం, ఇన్వెస్టిగేటర్లకు ఇచ్చిన సూచనల పుస్తకం, ఈ నాలుగూ తెచ్చుకోండి. చివరి రెండూ దొరకని సర్వేను నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోకండి. సాఫ్ట్‌వేర్ మీకు అలవాటైనది ఏదైనా ఫరవాలేదు.

వెయిట్ల సంగతి, అంటే ఒక్కో ఇంటి జవాబుకు సగటులో ఎంత బరువు ఇవ్వాలన్నది, కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ నుంచి 27,351 ఇళ్లు ఉంటే ఆంధ్రప్రదేశ్ నుంచి 11,346 ఇళ్లే ఉన్నాయి. జిల్లాకు ఇన్ని ఇళ్లని శాంపిల్ తీసుకోవడం, అప్పటికి తెలంగాణలో 31 జిల్లాలను, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను లెక్కలోకి తీసుకోవడం ఇందుకు కారణం. వెయిట్ వేయకుండా రెండు రాష్ట్రాలనూ కలిపి సగటు తీస్తే, జనాభాలో చిన్నదైన తెలంగాణకే ఆ సగటులో 70 శాతం వాటా దక్కుతుంది. ఒక్క రాష్ట్రాన్ని చూసేటప్పుడు రాష్ట్ర వెయిట్, రాష్ట్రాలను కలిపేటప్పుడు జాతీయ వెయిట్ వాడాలి. డేటాలోని వెయిట్ అంకెను పది లక్షలతో భాగించడం మరచిపోకూడదు.

అటూ ఇటూ ఎంత?

400 మందిని అడిగి సగం మంది అవునన్నారని తెలిస్తే, మామూలు లెక్కలో అసలు సంఖ్య 45కూ 55కూ మధ్య ఉంటుందని చెప్పవచ్చు. కానీ సర్వేలలో ఒక్కో ఊరి నుంచి ఇరవై, పాతిక ఇళ్లు తీసుకుంటారు, ఒక ఊరివాళ్ల పరిస్థితులు చాలా వరకు ఒకేలా ఉంటాయి. అందువల్ల ఆ హద్దు ఇంకా పెరుగుతుంది. ఇటూ అటూ ఏడు శాతం పాయింట్లు అనుకోవడం నా అలవాటు. జిల్లా అంకెల విషయంలో దీన్ని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. ఒక జిల్లాలో 41, పక్క జిల్లాలో 45 వచ్చినంత మాత్రాన మొదటిది వెనకబడిందని రాయకూడదు. రంగులు నింపిన జిల్లా పటాలను నేను ఎక్కడా వాడను. నాలుగు శాతం పాయింట్ల తేడా ఉన్న రెండు జిల్లాలకు రెండు వేరు రంగులు పడితే, చూసేవారికి అక్కడ పెద్ద అగాధమే ఉందనిపిస్తుంది. నాలుగో సర్వేలో ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకే జిల్లా. 2016 అక్టోబరులో అది విడిపోయాక అదే పేరుతో మిగిలినది అందులో ఒక ముక్క మాత్రమే. పేరు ఒకటేనని రెండు రౌండ్ల మహబూబ్‌నగర్‌లనూ పోల్చినవారిని నేను చూశాను.

అసలు కష్టం: జవాబు ఎలా పుట్టిందో తెలుసుకోవడం

ఇక్కడిదాకా చెప్పినవి ఓపిక ఉన్నవారు ఎవరైనా చేయగలరు. ఎక్కువ మంది తప్పు చేసేది ఈ అడుగులోనే, అదీ తప్పు చేస్తున్నామని తెలియకుండానే. సర్వేలోని అంకె ఒక మనిషి మరో మనిషిని అడిగితే వచ్చిన జవాబు. ఎవరు అడిగారు, ఏ మాటలతో అడిగారు, అంతకు ముందు ఏమడిగారు, ఎన్ని రోజుల సంగతి గుర్తు చేసుకోమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నవాటిని బట్టి ఆ జవాబు మారుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న సర్వేకు నేను పర్యవేక్షకుడిగా వెళ్లాను. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే భోజనం, గుడ్డు, పాల గురించి అడగడం మా పని. ఇళ్లు చూపించడానికి అంగన్‌వాడీ టీచరే మాతో వచ్చింది. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఒక బాలింతను, పోయిన నెలలో ఎన్ని రోజులు గుడ్డు ఇచ్చారని మా ఇన్వెస్టిగేటర్ అడిగాడు. ఆమె టీచర్ వైపు ఒకసారి చూసి, “అన్ని దినాలూ ఇస్తున్నరు సార్” అన్నది. ఫారంలో 25 అని రాసుకున్నాం. ఇంతలో టీచర్‌కు ఫోన్ వచ్చి వీధి చివరికి వెళ్లింది. ఆ బాలింత చేతిలోని కాయను అలాగే పట్టుకుని గొంతు తగ్గించి, “గుడ్లు పది దినాలే వచ్చినయి సార్, బండి రాలేదంట. టీచరమ్మ తప్పేం లేదు, ఆమె పేరు రాయకుండ్రి” అన్నది. అప్పటికే అలా పూర్తిచేసిన పద్నాలుగు ఇళ్ల ఫారాలనూ పక్కన పెట్టించి, మర్నాడు టీచర్ లేకుండా మళ్లీ అడిగించాను. పద్నాలుగు వేల ఇళ్లకు అలాగే తిరిగినా ఆ 25 ఎన్నటికీ పది కాదు. శాంపిల్ పెద్దదైతే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవారికి నా జవాబు ఇదే.

పెద్ద సర్వేలకూ ఇదే వర్తిస్తుంది. 1999–2000 నాటి జాతీయ నమూనా సర్వేలో ఆహార ఖర్చును గత 7 రోజులకూ, గత 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు. ఏడు రోజుల మాట చెప్పినవారు నెల మాటను దానికి సరిపడేలా చెప్పడం సహజం కాబట్టి, పాత రౌండ్లతో నేరుగా పోల్చడానికి ఆ అంకెలు పనికిరాకుండా పోయాయి. అధికారిక లెక్కలో పేదరికం 1993–94లోని 36 శాతం నుంచి 26.1 శాతానికి దిగింది. ఆ తగ్గుదలలో బతుకులు మారినందువల్ల వచ్చింది ఎంత, ప్రశ్న మారినందువల్ల వచ్చింది ఎంత అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ సర్దుబాటు చేసి లెక్క కట్టినప్పుడు తగ్గుదల నిజమేనని, కానీ అధికారిక అంకె చూపినంత లేదని తేలింది. 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వేలో మూడు ప్రశ్నాపత్రాలతో మూడు విడతలు ఇంటికి వెళ్లారు; 2011–12లో ఒక్కసారే వెళ్లారు. ఈ సంగతి చెప్పకుండా ఆ రెండు సర్వేల అంకెలను ఒకే గీత మీద చూపించడం పాఠకుడికి అన్యాయం చేయడమే.

2018 జూలై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ రౌండ్ ఇంకా మంచి పాఠం. గ్రామీణ ఇళ్లలో 28.7 శాతానికి మరుగుదొడ్డి అందుబాటులో లేదని అందులో తేలింది. స్వచ్ఛ భారత్ అధికారిక లెక్కలేమో దాదాపు అందరికీ ఉందన్నాయి. ప్రభుత్వ పథకాల లబ్ధి అందిందా అని ముందు అడిగి, మరుగుదొడ్డి ఉందా అని ఆ తర్వాత అడిగారని, లేదంటే ఏదైనా వస్తుందన్న ఆశతో కొందరు లేదని చెప్పి ఉండవచ్చని ఆ నివేదికే హెచ్చరించింది. ఈ హెచ్చరికను పట్టుకుని కొందరు సర్వే మొత్తాన్ని కొట్టిపారేశారు. మరికొందరు హెచ్చరికను చదవకుండానే 28.7ను శిలాశాసనంలా చెప్పారు. రెండూ తప్పే.

ఇలాంటి చోట నేను చేసేది ఇది. ప్రతి అనుమానానికీ ఎదురుగా, అది అంకెను ఏ వైపు నెడుతుందో, మరీ ఎక్కువ అనుకుంటే ఎంత నెడుతుందో రాస్తాను. మరుగుదొడ్డి లేదన్నవారిలో మూడో వంతు మంది నిజం దాచారనే అనుకుందాం. అప్పుడు కూడా దాదాపు 19 శాతం ఇళ్లకు లేనట్టే. అంటే అందరికీ అందిందన్న మాట నిలబడదు, కచ్చితంగా 28.7 అన్న మాటా నిలబడదు. తర్వాత మరో చోట మరోలా అడిగిన అంకెను వెతుకుతాను. దేశంలోని ఇళ్లన్నిటినీ కలిపి చూస్తే 19 శాతం ఏ మరుగుదొడ్డీ వాడడం లేదని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉండడం వేరు, వాడడం వేరు, పల్లెలు వేరు, దేశం మొత్తం వేరు అని గుర్తుంచుకుంటూనే, రెండు సర్వేలూ ఒకే వైపు చూపిస్తున్నాయని చెప్పవచ్చు. ఏ నమూనా సమీకరణమూ ఈ పనికి ప్రత్యామ్నాయం కాదు. అందుకే రిగ్రెషన్‌తో (అంశాల మధ్య సంబంధాన్ని సమీకరణంతో అంచనా కట్టే లెక్కతో) మొదలుపెట్టేవారి నివేదికలను నేను నమ్మను; ప్రశ్నాపత్రాన్ని అచ్చు తీసి, తెలుగులో పైకి చదివి, ఇంట్లో ఎవరినైనా అడిగి చూశాకే కంప్యూటర్ తెరవాలి.

మన ఉదాహరణకు వస్తే, ఆ 49.7 శాతం దేనిలో శాతం అన్నది ముందు చూడాలి. సర్వేకు ముందు ఐదేళ్లలో జరిగిన ప్రసవాలలో అది. తెలంగాణలో ఐదో రౌండ్ 2019 ద్వితీయార్ధంలో జరిగింది కాబట్టి, లెక్కకు వచ్చిన ప్రసవాలు 2014 మధ్య నుంచి మొదలవుతాయి. వాటిలో దాదాపు మూడేళ్ల ప్రసవాలు కిట్ రాకముందువే. కనుక ఫ్యాక్ట్ షీట్‌ను పక్కన పెట్టి, యూనిట్ స్థాయి డేటాలో పుట్టిన నెల, సంవత్సరం చూసి, 2017 జూన్‌కు ముందువాటిని, తర్వాతివాటిని వేరుచేయాలి. పెరుగుదల 2015, 2016లలోనే మొదలై ఉంటే ఒక కథ, 2017 తర్వాత ఒక్కసారిగా ఎగిసి ఉంటే మరో కథ. ఆ కాలంలో దేశమంతటా కూడా ప్రభుత్వాసుపత్రుల వాటా 52.1 నుంచి 61.9 శాతానికి పెరిగింది. అంటే ఏ కిట్టూ లేకపోయినా తెలంగాణలో కొంత పెరిగేదేమో అన్న అనుమానం న్యాయమైనదే. ఇక ఆసుపత్రి చేర్చే వాహనాలు, లేబర్ రూముల బాగుచేత వంటివి అదే సమయంలో జరిగి ఉంటే, వాటి ప్రభావాన్ని కిట్ ప్రభావం నుంచి ఈ డేటా విడదీయలేదు.

ముగింపు వాక్యం రాయడం

దీనికి పెద్ద కష్టం లేదు. అంకెను, దాని హద్దును, అది ఏ కాలానిదో, ఏమి చెప్పలేదో ఒకే చోట రాయాలి. దశాంశాలు రెండోసారి వాడకండి; ఒకసారి చెప్పాక సుమారుగా అనడమే నిజాయితీ. నేనైతే ఇలా రాస్తాను: “2015లో జరిగిన సర్వేకు ముందు ఐదేళ్ల ప్రసవాలతో పోలిస్తే, 2019 సర్వేకు ముందు ఐదేళ్ల ప్రసవాలలో తెలంగాణ ప్రభుత్వాసుపత్రుల వాటా సుమారు 19 శాతం పాయింట్లు పెరిగింది. దేశమంతటా పెరిగింది సుమారు 10 పాయింట్లే. మిగిలిన తేడాలో కేసీఆర్ కిట్‌కు పాత్ర ఉండే అవకాశం బలంగానే ఉంది, కానీ అందులో ఎంత కిట్‌ది, ఎంత ఆసుపత్రుల మెరుగుదలది అన్నది ఈ సర్వే చెప్పదు.”

ఈ వాక్యాన్ని మొదట కాగితం మీద రాసుకున్న ప్రశ్న పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే సంగతి మాట్లాడకపోతే మార్చవలసింది వాక్యాన్నే, ప్రశ్నను కాదు. తర్వాత ఆ రెండు కాగితాలనూ తేదీ వేసి ఫైల్లో దాచండి. తర్వాతి రౌండ్‌లో లెక్కకు వచ్చే ఐదేళ్ల ప్రసవాలన్నీ 2017 జూన్ తర్వాతివే కాబట్టి, వాటిని ఇదే ప్రశ్నతో ఇదే వరుసలో మళ్లీ లెక్క వేయవలసి ఉంటుంది.