సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవట్లేదా? పెట్రోల్ బండి అయితే స్పానర్ తీయకముందే చెవి, ముక్కు సగం పని చేసిపెడతాయి. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి. లేదంటే సెల్ఫ్ మోటారు వేడెక్కి అదో కొత్త ఖర్చు.

తిరిగే చప్పుడు ఎలా ఉంది?

ఈడ్చినట్టు తిరిగితే ముందు బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించండి. సెల్ఫ్ తిరిగింది కదా అని బ్యాటరీ బాగున్నట్టు కాదు. తిప్పేటప్పుడు వోల్టేజీ 9.6 కంటే కిందికి జారితే ఇంజిన్ కంప్యూటర్ సరిగా పనిచేయకపోవచ్చు. మామూలు కంటే తేలిగ్గా, గిర్రున తిరుగుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు. ఇంకా తిప్పితే కొన్ని ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

మీటర్ల దగ్గర తాళం గుర్తు మెరుస్తోందా?

వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టలేదు. రెండో తాళంతో ప్రయత్నించండి.

పెట్రోల్ అందుతోందా?

తాళం ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా వినండి. చాలా బండ్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా జుయ్‌మనే శబ్దం వస్తుంది. రాకపోతే ఫ్యూయల్ పంప్ ఫ్యూజు చూడండి. అది బాగుంటే పంప్ రిలే (పంప్‌కు కరెంటు కలిపే స్విచ్చు) స్థానంలో అదే రకం హారన్ రిలేను పెట్టి చూడండి. పంప్ కనెక్టర్ దాకా కరెంటు వస్తున్నా, ఎర్త్ బాగున్నా శబ్దం లేదంటే పంపే పోయింది. అన్నట్టు, గేజ్ ముల్లును నమ్మకండి. పావు ట్యాంకు చూపిస్తోందని నమ్మి నేనొకసారి రిలేలు, వైర్లు అన్నీ వెతికాను. తీరా చూస్తే ట్యాంకు ఖాళీ!

పెట్రోల్ వాసన గుప్పుమంటోందా?

ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడిసి ఉంటాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో అప్పుడు ఇంజెక్టర్లు మూసుకుని గాలి మాత్రమే లోపలికి వెళ్తుంది. అందుకోగానే కాలు తీసేయండి.

అయినా కాకపోతే స్పార్క్ మీదే అనుమానం. నాలుగు ప్లగ్గులూ ఒకేరోజు చచ్చిపోవు కాబట్టి వాటిని మార్చడానికి తొందరపడకండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు స్కానర్‌లో (ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే పరికరం) ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ రావట్లేదు. వేడి మీద ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండ్లలోనూ తరచుగా దొంగ ఇదే. కొత్త సెన్సార్ కొనేముందు దాని వైరు చివరిదాకా తడిమి చూడండి, ఎలుకలు కొరికేసి ఉండొచ్చు.