పాత బంగారం అమ్మితే డబ్బు తక్కువ వస్తోందా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మా ఇళ్లలో ఎవరు నగ అమ్మినా తోడు వెళ్లేది నేనే. "ఇంట్లో వేసుకున్న లెక్కకీ, వీళ్లు చెప్పే దానికీ పొంతనే లేదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ రేటుతో లెక్క వేసుకున్నారు?

సమస్య: ఇంటి లెక్క కన్నా బాగా తక్కువ చెబుతున్నారు

బంగారం ధర ఇంత అని వార్తల్లో ఎక్కువగా చెప్పేది 24 క్యారెట్ల మేలిమి ధర. మీ నగ 22 క్యారెట్లదైతే అందులో బంగారం 91.6 శాతమే. 18 అయితే 75 శాతం, 14 అయితే 58.5 శాతం. కొక్కెం దగ్గరో, గాజు లోపలి వైపో 916, 750, 585 అని సన్నటి అంకెలుంటాయి. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే కనిపిస్తాయి. రెండు నిమిషాల పని ఇది. ఇది చూడకుండానే కొట్టుకి వెళ్లి, మోసపోయామని బాధపడుతూ తిరిగొస్తున్నారు. దయచేసి బయల్దేరే ముందే చూసుకోండి. 925 అని ఉంటే అది వెండి, పైన ఉన్నది బంగారు పూత. జీపీ, జీఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలున్నా పైపొర మాత్రమే బంగారం.

కొన్నప్పుడు కట్టిన మజూరీ, తరుగు తిరిగి రావు. కరిగించడానికి కొనేవాళ్లకి పనితనంతో పని లేదు.

సమస్య: తూకంలో కోత ఎక్కువగా ఉంది

నగ పెట్టక ముందు కాటా సున్నా చూపిస్తోందా అన్నది మీ కళ్లతో చూడండి. రాళ్లు, ముత్యాలు, దారం, లోపల నింపిన లక్క బంగారం కాదు కాబట్టి వాటి బరువు తీసేయడం న్యాయమే. అంచనాతో తీసేయడం మాత్రం ఒప్పుకోకండి. రాళ్లు ఊడదీయించి, విడిగా తూయించి, వెనక్కి తీసుకోండి. ఇంకొకటి, రాళ్ల క్యారెట్ వేరు. అది బరువు, 0.2 గ్రాము. 5 క్యారెట్ల రాళ్లుంటే తగ్గించాల్సింది ఒక్క గ్రామే.

సమస్య: రేటు సరే, తూకం సరే, అయినా తక్కువే

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. మా అక్క గాజులు అమ్ముతున్నప్పుడు పక్కనే కూర్చున్నాను. చీటీ మీద మొదటి వరుసలో 20.00 గ్రాములు, దాని కింద 18.32, ఆ కింద రేటు, చివర మొత్తం. 20ని 0.916తో గుణిస్తే 18.32, సరిగ్గానే ఉంది కదా అని తలూపాను. ఇంటికొచ్చి చీటీ మళ్లీ చూస్తే గుణించిన రేటు 22 క్యారెట్లది. 22 క్యారెట్ల రేటంటేనే మేలిమి కాని భాగాన్ని ముందే తగ్గించిన రేటు. అంటే ఒకే కోత రెండుసార్లు వేశారు, బరువులో ఒకసారి, రేటులో ఇంకోసారి. మర్నాడు వెళితే గాజులు కరిగించేశాం, సంతకం పెట్టారుగా అన్నారు. అక్క ముఖం చూడలేకపోయాను.

సరైన దారులు రెండే. నగ బరువు 20ని 22 క్యారెట్ల రేటుతో గుణించాలి. లేదా మేలిమి బరువు 18.32ని 24 క్యారెట్ల రేటుతో గుణించాలి. 18.32ని 22 క్యారెట్ల రేటుతో గుణిస్తే డబ్బు వచ్చేది 16.78 గ్రాముల మేలిమికే. గ్రామున్నర పైన పోయినట్టు. 18 క్యారెట్ల నగకైతే దెబ్బ ఇంకా పెద్దది: 10 గ్రాముల నగలో 7.5 గ్రాముల మేలిమి ఉంటే, 5.63 గ్రాములకే డబ్బు వస్తుంది. విడివిడిగా చూస్తే ప్రతి అంకే సరైనదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పరిష్కారం: "ఇది నగ బరువా, మేలిమి బరువా? రేటు ఎన్ని క్యారెట్లది?" అని రెండూ కలిపి అడగండి. తర్వాత వెనక నుంచి లెక్క వేయండి. వాళ్లు ఇస్తామన్న మొత్తాన్ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో భాగించండి. ఎన్ని గ్రాముల మేలిమికి డబ్బిస్తున్నారో తెలిసిపోతుంది. మా అక్క గాజులకైతే అది 18.32కి దగ్గరగా ఉండాలి. కాస్త తగ్గితే కొనేవాళ్ల లాభం అనుకోవచ్చు. 16.78 చుట్టుపక్కల ఉంటే చీటీ మళ్లీ వేయించండి. రెండు మూడు కొట్లని పోల్చడానికీ ఈ ఒక్క అంకె చాలు.

సమస్య: 916 ముద్ర ఉన్నా మిషన్ తక్కువ చూపిస్తోంది

కొట్లో బంగారం శాతం చూసే ఎక్స్‌రే మిషన్ పైపొరనే చదువుతుంది. అతుకు మీద పెడితే టంకం కలిసి టచ్, అంటే బంగారం శాతం, తగ్గుతుంది. అతుకులు లేని చోట, కాస్త రుద్దించి, రెండు మూడు చోట్ల పెట్టించండి. అప్పటికీ తేడా ఉంటే ఇంకో కొట్లో చూపించండి, ఆ తర్వాతే కరిగించడానికి ఒప్పుకోండి. కరిగాక అది ముద్ద, వెనక్కి తీసుకున్నా నగ కాదు.

కరిగించినప్పుడు లక్క, మురికి కాలిపోతాయి. పాత టంకంలో కాడ్మియం ఉంటే అదీ ఆవిరవుతుంది. అది 767 డిగ్రీలకే మరుగుతుంది, బంగారం కరిగేది 1064 డిగ్రీల దగ్గర. కాడ్మియం వల్ల బరువు తగ్గితే, మిగిలిన ముద్ద టచ్ కొంచెం పెరగాలి. కాబట్టి కరిగించాక ముద్దనే తూచి, ముద్ద టచ్‌నే చూసి డబ్బు కట్టమనండి. పైన మళ్లీ తరుగు అంటే ఒప్పుకోవద్దు.

బంగారమంత బరువుండే టంగ్‌స్టన్ లోహాన్ని లోపల పెట్టి మోసం చేసే నగలు చాలా అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు. కాటా మీద అనుమానముంటే మరో చోట తూయించండి, అంతే.