ఎంవీసీ ప్రాజెక్టులో సొంత బేస్ క్లాస్‌లు ఎలా రాసుకోవాలి?

ఎంవీసీ అంటే అప్లికేషన్‌ను మోడల్ (డేటా), వ్యూ (తెరమీద కనిపించే పేజీ), కంట్రోలర్ (రిక్వెస్ట్ అందుకుని జవాబిచ్చే కోడ్) అని మూడుగా విడదీసి రాసే పద్ధతి. వీటిలో ఉమ్మడి కోడ్‌ను పెట్టుకునే పేరెంట్ క్లాసే బేస్ క్లాస్. కంట్రోలర్లు అయిదారు ఉన్నంతకాలం దాని గురించి ఎవరూ పట్టించుకోరు. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చిన క్లాస్‌నే ఇన్హెరిట్ చేసుకుని, అంటే దాని కోడ్‌ను వారసత్వంగా తెచ్చుకుని, పని కానిచ్చేస్తారు. అవి నలభై అయ్యాక, ప్రతి పేజీలోనూ యూజర్ ఎంచుకున్న భాషను సెషన్‌లోంచి (ఒక్కో యూజర్ గురించి సైట్ గుర్తుపెట్టుకునే సమాచారం) చదవాల్సిన పని ఒకటి వచ్చిపడుతుంది. నలభై ఫైళ్లూ తెరవాల్సిందే. ఫ్రేమ్‌వర్క్ క్లాస్‌కూ మీ కంట్రోలర్లకూ మధ్య మీ సొంత క్లాస్ ఒకటుంటే ఒక్క ఫైలు మారిస్తే చాలు.

రూబీ ఆన్ రైల్స్ అనే ఫ్రేమ్‌వర్క్ సంగతే చూడండి. అందులో మోడళ్లు చాలా ఏళ్లపాటు ఫ్రేమ్‌వర్క్ క్లాస్‌నే నేరుగా ఇన్హెరిట్ చేసుకునేవి. అన్ని మోడళ్లకూ ఏదైనా చేర్చాలంటే ఆ క్లాస్‌నే కెలకాల్సి వచ్చేది, దాంతో బయటి లైబ్రరీల మోడళ్లు కూడా మారిపోయేవి. 2016లో వచ్చిన రైల్స్ 5 అప్లికేషన్‌రికార్డ్ అనే మధ్య క్లాస్‌ను తెచ్చి ఈ ఇబ్బంది తీర్చింది.

1. ముందు ఖాళీ క్లాస్ పెట్టండి

బేస్‌కంట్రోలర్ అని ఒక అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ (నేరుగా వాడకుండా ఇన్హెరిట్ చేసుకోవడానికే ఉండే క్లాస్) రాసి, మీ కంట్రోలర్లన్నీ దాన్నే ఇన్హెరిట్ చేసుకునేలా మార్చండి. లోపల ఇంకా ఏమీ పెట్టొద్దు. 2024లో వచ్చిన లారావెల్ 11 ఫ్రేమ్‌వర్క్ కొత్త ప్రాజెక్టులో ఇచ్చే బేస్ కంట్రోలర్ కూడా ఇలా ఖాళీగానే ఉంటుంది. నా దృష్టిలో అదే సరైన మొదలు.

మీ క్లాస్‌కు పేరెంట్ ఏదో కూడా ఇక్కడే తేల్చుకోండి. ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ ఫ్రేమ్‌వర్క్‌లో కంట్రోలర్‌బేస్, కంట్రోలర్ అని రెండున్నాయి. వ్యూలు చూపించే సదుపాయం రెండోదాంట్లోనే ఉంటుంది. మీది ఏపీఐ మాత్రమే (పేజీలు చూపకుండా వేరే ప్రోగ్రామ్‌లకు డేటా ఇచ్చేది) అయితే మొదటిది చాలు.

2. అందరికీ కావాల్సిందే పైకి తేవాలి

ఒక మెథడ్‌ను బేస్ క్లాస్‌లోకి తెచ్చే ముందు, ఇది ప్రతి కంట్రోలర్‌కూ అవసరమా అని అడగండి. లాగిన్ అయిన యూజర్, భాష, ఎర్రర్ వచ్చినప్పుడు ఇచ్చే జవాబు, ఇలాంటివి అవసరమే. మూడు కంట్రోలర్లకే పనికొచ్చేది, ఎంత ముచ్చటగా ఉన్నా, పైకి రాకూడదు.

3. కన్‌స్ట్రక్టర్ దగ్గర ఆగి చూడండి

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. సెషన్ చదవడం, రిక్వెస్ట్‌తో వచ్చే హెడర్లు చూడడం కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్ తయారవుతున్నప్పుడే నడిచే మెథడ్‌లో, రాసేస్తారు. కానీ అది నడిచే సమయానికి రిక్వెస్ట్ ఇంకా చేతికి రాకపోవచ్చు. కోడ్‌ఇగ్నైటర్ 4 ఫ్రేమ్‌వర్క్‌లో జరిగేది అదే. ముందు కంట్రోలర్ ఆబ్జెక్ట్ తయారవుతుంది, ఆ తర్వాతే ఫ్రేమ్‌వర్క్ ఇనిట్‌కంట్రోలర్ అనే మెథడ్‌ను పిలిచి రిక్వెస్ట్, రెస్పాన్స్, లాగర్ అందిస్తుంది. కన్‌స్ట్రక్టర్‌లో రిక్వెస్ట్‌ను ముట్టుకుంటే దొరికేది నల్ (ఖాళీ విలువ) మాత్రమే. కాబట్టి మీ పనులు ఇనిట్‌కంట్రోలర్‌లో రాయండి. అందులోనూ మొదటి లైనులో పేరెంట్ మెథడ్‌ను పిలవాలి, ఆ తర్వాతే మీ కోడ్. ఆ లైను మరిచిపోతే మళ్లీ అదే నల్.

మీది వేరే ఫ్రేమ్‌వర్క్ అయినా, రిక్వెస్ట్ ఏ మెథడ్ దగ్గర అందుబాటులోకి వస్తుందో డాక్యుమెంటేషన్‌లో చూసుకున్నాకే రాయండి.

4. సాయం చేసే మెథడ్లన్నీ ప్రొటెక్టెడ్

ప్రొటెక్టెడ్ మెథడ్‌ను ఆ క్లాస్, దాన్ని ఇన్హెరిట్ చేసుకున్న క్లాస్‌లు మాత్రమే పిలవగలవు, పబ్లిక్ అయితే ఎవరైనా పిలవొచ్చు. కంట్రోలర్‌లో పబ్లిక్ మెథడ్ అంటే యూఆర్‌ఎల్‌తో పిలవగలిగే యాక్షన్ అని చాలా ఫ్రేమ్‌వర్క్‌లు అనుకుంటాయి. బేస్ క్లాస్‌లోని పబ్లిక్ మెథడ్ దాన్ని ఇన్హెరిట్ చేసుకున్న ప్రతి కంట్రోలర్‌లోనూ ఒక యాక్షన్ అయి కూర్చునే ప్రమాదముంది. ఒక్క పదం తేడాతో బయటివాళ్లకు తలుపు తెరిచినట్టే. తప్పనిసరిగా పబ్లిక్‌గానే ఉంచాలంటే, ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో దానిమీద నాన్‌యాక్షన్ అని గుర్తు పెట్టొచ్చు.

5. లాగిన్ తప్పనిసరి అని బేస్‌లోనే చెప్పండి

లాగిన్ చెక్‌ను ఏ కంట్రోలర్‌కు ఆ కంట్రోలర్‌లో రాస్తే, ఎప్పుడో ఒకచోట మరిచిపోతారు. అలా మరిచిపోయిన పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు కూడా. చెక్ బేస్‌లో ఉంచి, అందరికీ తెరిచి ఉంచాల్సిన కొద్ది పేజీలను మాత్రం పేరుపెట్టి మినహాయించండి. రైల్స్‌లో ఇందుకు స్కిప్ బిఫోర్ యాక్షన్ ఉంది. ఇప్పుడు మినహాయింపు మరిచిపోయినా, ఆ పేజీ లాగిన్ అడుగుతుంది, టెస్టింగ్‌లోనే బయటపడుతుంది. టెన్షన్ లేదు.

6. మోడళ్లకు

రికార్డు ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది అనే కాలమ్‌లు బేస్ మోడల్‌కు బాగా సరిపోతాయి. అయితే ఆ క్లాస్ అబ్‌స్ట్రాక్ట్ అని ఫ్రేమ్‌వర్క్‌కు కచ్చితంగా చెప్పాలి. జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో మెటా క్లాస్ లోపల అబ్‌స్ట్రాక్ట్ ట్రూ అని రాయకపోతే, బేస్ మోడల్‌కు కూడా డేటాబేస్‌లో వేరే టేబుల్ తయారవుతుంది. ఇక పిల్ల మోడల్‌లోంచి డేటా తీసిన ప్రతిసారీ రెండు టేబుళ్లను జాయిన్ చేయాల్సి వస్తుంది. మైగ్రేషన్ ఫైలును (డేటాబేస్ టేబుళ్లలో చేయాల్సిన మార్పులు రాసి ఉండే ఫైలు) నడిపేముందు ఒకసారి తెరిచి చూస్తే ఆ అదనపు టేబుల్ అక్కడే కనిపించిపోతుంది.

వ్యూలకు చాలాచోట్ల బేస్ క్లాస్ అక్కర్లేదు, ఒక లేఅవుట్ టెంప్లేట్ చాలు.

7. బరువు పెరుగుతుంటే

మెయిల్ పంపడం, పీడీఎఫ్ తయారుచేయడం లాంటివి బేస్‌లోకి చొరబడుతుంటాయి. వాటిని సర్వీస్ క్లాస్‌లుగా విడదీయండి. కొన్ని కంట్రోలర్లకే కావాల్సినవాటికి మిక్సిన్ లేదా ట్రెయిట్ (కావాల్సిన క్లాస్‌లకు మాత్రమే కలుపుకునే కోడ్ ముక్క) వాడండి. జాంగోలో అయితే వరుస కూడా ముఖ్యం. లాగిన్‌రిక్వైర్డ్‌మిక్సిన్‌ను ఇన్హెరిటెన్స్ జాబితాలో అన్నిటికంటే ఎడమవైపు రాయాలి. వ్యూ క్లాస్ తర్వాత రాస్తే ఆ చెక్ నడవదు, పేజీ లాగిన్ అడక్కుండానే తెరుచుకుంటుంది.